రుచి తెలియని నోటితో దోహాలో

దోహాకి ఎందుకెళ్ళావని అడిగినవాళ్ళందరికీ ఒకే జవాబు చెప్పాను. తినడానికి. విన్నవాళ్ళందరూ నవ్వారు. నా సంగతి తెలిసినవాళ్ళు నవ్వక ఏం చేస్తారు?

తెనాలిలో ఇరవై ఏళ్ళకు పైగా పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నాను. పోయినేడు బుగ్గ లోపల పుండు లేచింది. ఆపరేషన్ చేశారు. తర్వాత వారాల తరబడి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. జబ్బు తగ్గింది కానీ నోట్లో రుచి పోయింది. లాలాజలం సరిగా ఊరదు. ముద్ద దిగాలంటే గుక్కెడు నీళ్ళు కావాలి. ఏం తిన్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉంటుంది. కారం మాత్రం రుచిగా కాక మంటగా తెలుస్తుంది. వాసన ఒక్కటే మిగిలింది. రుచి మెల్లగా రావచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు, రకరకాలు తింటూ ఉండండి అన్నాడు డాక్టరు.

జబ్బు తర్వాత నేను భయపడి పక్కకి తప్పుకున్నాను. నా దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్న నాగమణి ఒక్కతే గోంగూర, చింతకాయ పెట్టింది. రెండూ చెడిపోయాయి. పాత ఖాతాదారులు మొహం మీదే చెప్పేశారు. ఇక వేసవిలో ఆవకాయ పెట్టాలా, ఈ పనే కట్టిపెట్టాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. అప్పుడే తమ్ముడు మురళి, "వారం రోజులు మా దగ్గరికి వచ్చి విశ్రాంతి తీసుకో అక్కా" అని టిక్కెట్టు పంపాడు. నేను విశ్రాంతికి వెళ్ళలేదు.

అల్ హిలాల్

మురళి ఒక కట్టడాల కంపెనీలో ఇంజనీరు. మరదలు స్వప్న బళ్ళో లెక్కలు చెబుతుంది. వాళ్ళ ఫ్లాటు అల్ హిలాల్‌లో ఉంది. చుట్టూ ఇసుకరంగు గోడల విల్లాలు, మధ్యలో మూడంతస్తుల, నాలుగంతస్తుల ఇళ్ళు. జనవరి నెలాఖరు కాబట్టి పొద్దున పూట శాలువా కావలసి వచ్చింది. ఎడారి అంటే ఎండ అనుకుని ఒక్క స్వెట్టరూ తీసుకెళ్ళనిదాన్ని స్వప్న శాలువాలోనే వారమంతా తిరిగాను.

మొదటి రోజు పొద్దున బల్ల మీద నాకోసం మెత్తగా చిదిమిన సొరకాయ, ఉప్పు వెయ్యని పెసరకట్టు పెట్టి ఉన్నాయి. స్వప్న ఇంటర్నెట్లో చూసి మరీ పథ్యం తయారుచేసింది.

"సాయంత్రం మాల్‌కి వెళ్దాం వదినా. ఏసీ ఉంటుంది, కూర్చోడానికి ఉంటుంది" అంది.

"సొరకాయ తెనాలిలోనూ ఉంది స్వప్నా. ఇక్కడివాళ్ళు తినేది తింటాను. రోజుకో చోట."

మురళి కాఫీ కప్పు కింద పెట్టాడు. "అక్కా, నీ నోరున్న పరిస్థితిలో రిస్కు వద్దు."

"నోరు బాగుంటే విమానం ఎక్కేదాన్నే కాదురా" అన్నాను.

కోర్నిష్

సముద్రం ఒడ్డున అర్ధచంద్రాకారంలో వంపు తిరిగిన పెద్ద రోడ్డుని కోర్నిష్ అంటారు. ఒకవైపు అద్దాల మేడలు, ఇంకోవైపు నీళ్ళ మీద చెక్క పడవలు. ఆ పడవల పేరు ధో. ఒకప్పుడు వీటిలో ముత్యాల కోసం వెళ్ళేవారట. ఇప్పుడు దీపాల తోరణాలు కట్టి మనలాంటివాళ్ళని తిప్పుతున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే మా నిజాంపట్నం రేవు పడవలకి పెద్దన్నల్లా ఉన్నాయి. అదే తారు వాసన, అదే తడి తాళ్ళు. కాకులు, నురగ మాత్రం లేవు. చెత్త ఒక్కటీ కనబడలేదు.

ఇక్కడ కరక్ అనే టీ తాగకుండా రోజు గడవదట. పాలు, ఏలకులు, చక్కెర కలిపి బాగా మరిగించిన చిక్కటి టీ. దాన్ని తాగే పద్ధతే వింత. కారుని కొట్టు ముందు ఆపి హారన్ కొడితే, మనిషి వచ్చి కారు కిటికీ దగ్గర ఆర్డరు తీసుకుని టీ తెచ్చిస్తాడు. పెద్ద పెద్ద కార్లు వరసగా నిలబడి హారన్లు కొడుతున్నాయి. మా ఊళ్ళో టీ కొట్టు ముందు హారన్ కొడితే లోపలి నుంచి గరిటె విసురుతారు. కప్పు రెండు రియాళ్ళు. రియాలుకి మన రూపాయలు ఇరవై పైమాట.

కారులో కూర్చుని తాగితే టీ తాగినట్టుండదని దిగి నిలబడ్డాను. ఏలకుల వాసన గుప్పుమంది. ఆత్రం కొద్దీ పెద్ద గుక్క తాగాను. రుచి తెలియని నాలుకకి వేడి కూడా ఆలస్యంగా తెలుస్తుందని అప్పుడు తెలిసింది. అంగిట్లో పొర లేచింది. మురళికి చెప్పకుండా మంచినీళ్ళు పుక్కిలించి కారెక్కాను. స్వప్న అద్దంలోంచి చూసింది. ఇంటికి వెళ్ళాక చల్లటి పెరుగు గిన్నె నా గదిలో పెట్టింది.

అల్ మన్సూరా

మర్నాడు నా మొండితనం మూలంగా పెద్ద దెబ్బే తిన్నాను.

అల్ మన్సూరా అంటే ఇరుకు వీధులు, గుక్క తిప్పుకోనివ్వని దుకాణాలు, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు. ఆ వీధుల్లో నడుస్తుంటే తెలుగు, మలయాళం, బెంగాలీ, నేపాలీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఒక మేడ కింద తెలుగు మెస్సు ఉంది. పేరూ బోర్డూ లేవు. తలుపుకి ఒక కాయితం మీద "భోజనం తయార్" అని చేత్తో రాసి అంటించారు. మధ్యాహ్నం పూట, పని బట్టల్లోనే ఉన్న మనుషులు వరసగా కూర్చుని తింటున్నారు. ఆడవాళ్ళం స్వప్న, నేను ఇద్దరమే.

మెస్సు నడిపే లింగయ్యది జగిత్యాల దగ్గర పల్లె. చాలా ఏళ్ళు సైట్లలో పనిచేసి, నడుం పట్టేసరికి వంటకి దిగాడట.

"మా అవ్వ ఇప్పటికీ ఊళ్ళె అందరికీ నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడనే చెప్తది" అన్నాడు విస్తరి వేస్తూ. "ఖతర్ అంటే నోరు తిరగదు ఆమెకు."

అన్నంలో గోంగూర కలిపాను. "వద్దక్కా" అని మురళి చెయ్యి పట్టుకున్నాడు. నేను వినలేదు. వాసనకి ఒళ్ళు తెలియలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో నిప్పు పెట్టినట్టయింది. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు. ఉమ్మలేను, మింగలేను. అంతమంది మధ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

లింగయ్య లోపలికి వెళ్ళి పెరుగు గిన్నె, చెంచాడు నెయ్యి తెచ్చాడు. "నోట్ల పెట్టుకొని గట్లనే ఉంచుండ్రి. మింగకుండ్రి జర సేపు. ఏమైందమ్మా నోటికి?"

మురళే చెప్పాడు. లింగయ్య తల ఊపాడు. "ఇగ బయట యాడ తిన్నా ఒక్క మాట నేర్చుకోండ్రి. ఫిల్‌ఫిల్ మాఫీ. మిర్చి వద్దని. మాఫీ అంటే లేదు. ఈడ సగం బతుకు ఆ మాట మీదనే నడుస్తది. పని మాఫీ, లీవు మాఫీ, ఫులూస్ అంటే పైసలు, అవీ మాఫీ." పక్క బల్లవాళ్ళు నవ్వారు. నొప్పిలోనే నాకూ నవ్వొచ్చింది.

భోజనానికి పైసా తీసుకోనన్నాడు. "తినని బువ్వకు పైసలేంది?"

కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మురళి అన్నాడు. "అక్కా, నేనూ బావగారూ మాట్లాడుకున్నాం. ఈ ఏడు నుంచి పచ్చళ్ళు ఆపెయ్. ఆ షెడ్డు అద్దెకిచ్చేద్దాం."

"నాతో మాట్లాడలేదేం?"

"నీతో మాట్లాడదామనే పిలిచాను."

అదన్నమాట టిక్కెట్టు కథ. నాకు నోటి మంట కంటే అది ఎక్కువ మండింది. అయినా వాడి మీద పూర్తిగా కోపం రాలేదు. ఆపరేషన్ రోజున ఆస్పత్రి వరండాలో చెప్పుల్లేకుండా తిరిగినవాడు వాడే.

"రుచి తెలియకుండా పచ్చడి ఎలా పెడతావక్కా? న్యాయంగా చెప్పు" అన్నాడు.

"తిరుగు టిక్కెట్టు ఇంకా ఉంది కదా, అప్పటిలోగా చెబుతాను" అన్నాను.

సూఖ్ వాకిఫ్

ఆ మర్నాడంతా నోరు పూసి మంచం మీదే ఉన్నాను. ఆ తర్వాతి రోజు మురళి, స్వప్న పనులకి వెళ్ళాక సాయంత్రం ఒక్కదాన్నే బయలుదేరాను. స్వప్నకి మాత్రం ఫోన్లో చెప్పాను. "సరే వదినా, లొకేషన్ ఆన్‌లో పెట్టుకోండి" అంది.

మెట్రో రైలు అద్దంలా ఉంది. మెత్తటి పెద్ద కుర్చీలున్న పెట్టెలో హాయిగా కూర్చున్నాను. రెండో స్టేషన్లో యూనిఫారం వేసుకున్న అమ్మాయి వచ్చి, ఇది గోల్డ్ పెట్టె మేడమ్, మీ టిక్కెట్టుకి పక్క పెట్టె అని ఎంతో మర్యాదగా లేపి, చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ పెట్టెలో దిగబెట్టింది. మన దగ్గర ఈ పొరపాటుకి కనీసం నాలుగు మాటలు పడేవి.

సూఖ్ అంటే బజారు. మట్టిరంగు గోడలు, పైన దూలాలు బయటికి పొడుచుకొచ్చిన పాతకాలపు మిద్దెలు, సన్నటి సందులు. సుగంధ ద్రవ్యాల వీధిలోకి అడుగుపెట్టేసరికి కాళ్ళు కదలలేదు. ధనియాలు, దాల్చిన చెక్క, ఎండు గులాబీ, కుంకుమపువ్వు గోనె సంచుల నిండా. నల్లగా, గట్టిగా, రేగుకాయలంత ఎండుకాయలు చూసి కుంకుడుకాయలు ఇక్కడెందుకున్నాయా అనుకున్నాను. కాదట, ఎండబెట్టిన నిమ్మకాయలు. లూమీ అంటారు. డేగల్ని అమ్మే వీధి కూడా ఉంది. కళ్ళకి తోలు టోపీలు తొడిగిన డేగలు కొయ్యల మీద మునుల్లా కూర్చున్నాయి. వాటికి పక్కనే వాటి ఆస్పత్రి.

బజారు నడివీధిలో ఒకచోట ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఇంటి వంట అమ్ముతున్నారు. పెద్ద పెద్ద మూత గిన్నెలు, కింద చిన్న పొయ్యిలు. నల్లటి అబాయా వేసుకుని, ముక్కునీ నుదుటినీ కప్పే పాతకాలపు ముసుగు పెట్టుకున్న ఒకావిడ ముందు ఆగాను. అందరూ ఆమెను ఉమ్ ఖాలిద్ అంటున్నారు. ఖాలిద్ వాళ్ళమ్మ అని అర్థం.

"ఫిల్‌ఫిల్ మాఫీ" అన్నాను, లింగయ్య నేర్పినట్టు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "హిందీ?" అంది. ఇండియా మనిషివా అని.

"హిందీ."

"హిందీకి మిర్చి వద్దా?" అని పక్కావిడకి అరబ్బీలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. ఆమెకి మార్కెట్టు హిందీ వచ్చు. నాకు హైదరాబాదు చుట్టాల దగ్గర నేర్చిన హిందీ వచ్చు. రెండూ కలిపితే మాట నడిచింది. నోరు చూపించి, చేతులతో చెప్పాను. ఆమె నవ్వు ఆపింది. నేను వేలు పెట్టి చూపించిన అన్నం గిన్నె మూత మూసేసి, ఇంకో గిన్నె తెరిచింది.

"నువ్వు ఇది తిను."

అది హరీస్. గోధుమల్నీ మాంసాన్నీ గంటల కొద్దీ ఉడికించి, జావలా మెదిపి, పైన నెయ్యి పోస్తారు. మన హలీంకి తాతలాంటిది, మసాలా లేదు. చెంచాతో నోట్లో పెట్టుకుంటే జారుకుంటూ వెళ్ళిపోయింది. రెండో చెంచా, మూడో చెంచా. గిన్నె సగమయ్యాక గమనించాను. సంచిలో నీళ్ళ సీసా మూత తియ్యనేలేదు. జబ్బు తర్వాత నీళ్ళ సాయం లేకుండా తిన్న మొదటి తిండి అదే. రుచి తెలియలేదు. అయినా ఏడుపొచ్చింది. పదిహేను రియాళ్ళిచ్చి ఇంకో గిన్నె అడిగాను.

"నీ పనేంటి?" అని అడిగింది.

"అచార్ పెట్టి అమ్ముతాను."

అచార్ అన్న మాట వాళ్ళకీ ఉంది. ఆమె కళ్ళు వెలిగాయి. ఏ కాయ, ఎంత నూనె, ఎన్నాళ్ళు నిలవ అని గుచ్చిగుచ్చి అడిగింది. చివరికి నేనే చెప్పాను, ఇప్పుడు రుచి తెలియదు, ఆపెయ్యమంటున్నారని.

"ఎందుకు?"

"రుచి చూడకుండా ఎలా?"

ఆమె గరిటెని గిన్నె అంచున టక్కున కొట్టింది. "రంజాన్ నెలంతా ఇంట్లో ఎవరు వండుతారనుకున్నావు? నేనే. ఉపవాసం. కొందరు నాలుక మీద పెట్టుకుని ఉమ్మేస్తారు. నేను అదీ చెయ్యను. సాయంత్రానికి ఇంటెడు మందికి వండుతాను."

"మరి ఉప్పు?"

"చేతికి తెలుసు. ముక్కుకి తెలుసు. పొద్దుగూకాక తిన్నవాళ్ళు చెబుతారు. తక్కువైతే వేసుకుంటారు. ఇంతవరకూ ఎవరూ చావలేదు."

తర్వాత ఎవరో వస్తే ఆమె అటు తిరిగిపోయింది. నేను అక్కడే రాతి మెట్టు మీద కూర్చుండిపోయాను. మా అమ్మ గుర్తొచ్చింది. నైవేద్యానికి వండినప్పుడు ఉప్పు చూడటం మా ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ లేదు. శ్రావణ శుక్రవారాలకీ, వినాయక చవితికీ పులిహోర, బూరెలు, పప్పు, పరమాన్నం, అన్నీ నాలుక తగలకుండానే వండేది. నేనూ పెళ్ళయిన నాటి నుంచీ అలాగే వండుతున్నాను. ఏనాడూ ఇది ఎలా సాధ్యమని అడగలేదు. రుచి చూడకుండా వండటం నాకు రాదని ఈ ఏడాదిగా ఎందుకనుకున్నానో!

అల్ థఖీరా

శుక్రవారం ఇక్కడ సెలవు. ముగ్గురం ఉత్తరంగా అల్ థఖీరాకి వెళ్ళాం. దారి పొడుగునా బోడి ఎడారి, ఉన్నట్టుండి సముద్రంలో పచ్చటి మడ అడవి. ఆటు మీద నీళ్ళు వెనక్కి పోతే నడిచి వెళ్ళవచ్చు. మా నిజాంపట్నం మడ చెట్లే, అయితే పొట్టివి. కొంగలు తాపీగా తిరుగుతున్నాయి. నేను బురదలో దిగబడి, కాలు లాక్కుంటే చెప్పు రాలేదు. మురళి ప్యాంటు మడిచి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు, దొరకలేదు. మిగిలిన రోజంతా ఒక చెప్పుతో, తర్వాత రెండూ లేకుండా నడిచాను.

నీళ్ళ ఒడ్డున వాడికి రంజాన్ వంట సంగతి, అమ్మ నైవేద్యం సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"బాగుందక్కా. కానీ అమ్మ అమ్మలేదు కదా. నువ్వు అమ్ముతున్నావు" అన్నాడు. "దేవుడు ఉప్పు తక్కువైందని సీసా వెనక్కి పంపడు."

స్వప్న నవ్వాపుకుంది. నిజంగానే గట్టి మాట. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, చివర్లో మేకు కొడతాడు.

వచ్చే దారిలో అల్ ఖోర్‌లో చేప తిన్నాం. బొగ్గుల మీద కాల్చి, నిమ్మకాయ పెట్టి ఇచ్చారు. పళ్ళెం చుట్టూ ముగ్గురం ఒకే చోట తింటుంటే ముళ్ళు తీసి మెత్తటి ముక్కలు స్వప్న నావైపు తోస్తూ ఉంది. ఆ చేప నములుతూ ఆలోచించాను. గోంగూర ఎందుకు చెడింది? నాగమణికి నాలుక ఉంది, నా చెయ్యి లేదు. ఇప్పుడు నాకు చెయ్యి ఉంది, నాలుక లేదు. ఇన్నేళ్ళూ ఇద్దరం ఒకే షెడ్డులో పనిచేసి కూడా, నేను మంచం మీద పడుకుని, ఆమెను ఒక్కదాన్నే జాడీల మధ్య వదిలేశాను.

"మురళీ, కలపడం నేను కలుపుతాను. రుచి నాగమణి చూస్తుంది. తేడా వస్తే సీసాలో పొయ్యకముందే దిద్దుతాం. అమ్మకానికి అది చాలు" అన్నాను.

వాడు ముల్లు తీసి పక్కన పెట్టాడు. "ఆవిడ చెప్పింది నువ్వు వింటావా?"

"వినడం నేర్చుకుంటాను."

"నువ్వు వినడమంటే చూడాలి" అన్నాడు. ఒప్పుకోలేదు కానీ కాదనీ అనలేదు.

మళ్ళీ సూఖ్ వాకిఫ్

బయలుదేరే ముందు రోజు వాళ్ళిద్దర్నీ ఉమ్ ఖాలిద్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె నన్ను గుర్తుపట్టి, అడక్కుండానే హరీస్ మూత తీసింది. నేను అడ్డం తల ఊపి మొదటి రోజు మూసేసిన అన్నం గిన్నె చూపించాను. మచ్‌బూస్. మాంసంతో వండిన మసాలా అన్నం, మన పులావుకి దూరపు చుట్టం.

"ఫిల్‌ఫిల్ షువయ్య" అని హెచ్చరించింది. కొంచెం మిర్చి ఉందని.

"పరవాలేదు."

ఈసారి ఆత్రపడలేదు. చిన్న చిన్న ముద్దలు, గుక్కెడు నీళ్ళు. చురుక్కుమంది కానీ ఓర్చుకోగలిగాను. నాలుగైదు ముద్దల తర్వాత పంటి కింద ఏదో గట్టిగా తగిలింది. ఎముక అనుకుని కొరికాను. పటుక్కున పగిలింది.

పళ్ళు పులిశాయి.

ముందు అర్థం కాలేదు. దవడల కింద ఎక్కడో లాగినట్టయింది, నోట్లో నీళ్ళు ఊరాయి. పచ్చి చింతకాయ కొరికినప్పుడు చిన్నప్పుడు ఒళ్ళు జలదరించేది కదా, అలా మెడ దాకా పాకింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"కారమా అక్కా? పెరుగు తెమ్మంటావా?" అని మురళి లేచాడు.

"కారం కాదురా. పులుపు."

వాడు నిలబడిపోయాడు. స్వప్న నా చెయ్యి పట్టుకుంది. అది ఆవేళ సంచుల్లో చూసిన నల్లటి ఎండు నిమ్మకాయ, లూమీ. ఆ ముక్కని ఇంకోసారి కొరికాను. సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు వచ్చింది, కానీ వచ్చింది. ఉప్పు తెలియలేదు, తీపి తెలియలేదు. పులుపు ఒక్కటే.

ఉమ్ ఖాలిద్ గరిటె పట్టుకునే అరిచింది. "దాన్ని తినరు! అది వాసనకి వేసేది, తీసి పారెయ్!"

స్వప్న హిందీలో సంగతి చెప్పింది. ఉమ్ ఖాలిద్ గిన్నెలో వెతికి ఇంకో రెండు నల్ల కాయలు నా పళ్ళెంలో వేసింది. "యల్లా, తిను" అంది, ఇక కానివ్వమన్నట్టు.

అక్కడే, ఆ రాతి మెట్టు మీద కూర్చుని నూజివీడు ఫోన్ చేశాను. మాకు ఏటా మామిడి కాయలు తోలే శేషయ్య ఎత్తాడు.

"శేషయ్యా, ఈ ఏడు కూడా కాయలు కావాలి. మొదటి కోతవే పంపు."

"అమ్మా, మీరు ఆపేస్తున్నారని విన్నానే?"

"తప్పుగా విన్నావు."

ఫోన్ పెట్టేశాక మురళి అడిగాడు. "ఎన్ని చెప్పావు?"

"ఎప్పుడూ చెప్పేన్ని."

"బావగారికి నువ్వే చెప్పుకో. నేను చెప్పను" అన్నాడు. తర్వాత నా పళ్ళెంలోంచి ఒక నల్ల కాయ తీసుకుని కొరికి, మొహం అష్టవంకరలు తిప్పాడు.

తెనాలి

కాయలు వచ్చాయి. ఇది రాస్తున్న నాటికి ఆవకాయ జాడీల్లో ఉంది. ఉప్పు, తీపి ఇంకా రాలేదు. చేదు ఉండుండి తెలుస్తోంది, అది మందులదో నోటిదో చెప్పలేను. దోహాకి కొత్తగా వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగిందల్లా, మాల్స్ చూడండి కానీ ముందు ఆ బజారు మెట్టు మీద కూర్చుని తినండని.

ముక్కలు నేనే కలిపాను. ఆవపిండి వాసన చూసి, ఉప్పు పిడికిలితో కొలిచి, నూనె చేతికి ఎంత అంటుకుంటుందో చూసి. మూడో రోజు తిరగేసే ముందు నాగమణిని పిలిచాను. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నావైపు చూసి, చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"చెప్పవే. మొహమాటం దేనికి?"

"ఉప్పు కాసింత చాలదమ్మా" అంది.

పిడికెడు ఉప్పు తీసి వేశాను. చెయ్యి పెట్టి అడుగు నుంచి కలిపాను. ఇప్పుడు చూడమన్నాను.